నాటకకర్తయు విమర్శకుడును

గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో మిరపకోతలు ముగిసి, కల్లములలో కాయ యెండి, టిక్కీల కెక్కి, బండ్లు గుంటూరు యార్డునకు సాగిపోయిన పిమ్మట పల్లెలకు కొంచెము తెరపి దొరకును. ఆ తెరపిలోనే మాకు నాటకములు. నా చిన్నతనమున రామాలయము ముందర పందిరి వేసి తెర కట్టిరన్న చాలును, చాపలు చంకబెట్టుకొని చుట్టుప్రక్కల నాలుగూళ్ల జనము వచ్చి కూర్చుండెడివారు. హార్మోనియము మొదలైనది లగాయతు కోడి కూయువరకు ఒక్కరును కదలరు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929 లో తెనాలిలో పుట్టినది. స్త్రీపాత్రధారణమునందు సాటిలేని వాడనిపించుకొన్న స్థానం నరసింహారావుగారు 1902 లో బాపట్లలో జన్మించి తెనాలి రంగస్థలముపై వెలిగినవారు. ఈ నేల పత్తికి, మిరపకు ఎంత యనువైనదో నాటకమునకును అంత యనువైనది.

నాటకమున్నచోట విమర్శ యుండును; విమర్శ యున్నచోట మనస్తాపము నుండును. అట్టి మనస్తాప మొకటి మా యింటి వరండాలో ఎట్లు తీరినదో యిచట వ్రాయుచున్నాను. పూర్తిగా తీరలేదు, ఆ సంగతియు చెప్పెదను. పేర్లు మాత్రము చెప్పను. ఇద్దరును నాకు కావలసినవారే.

నాటకకర్త నా శిష్యుడు. తండ్రి చిన్ననాడే పోగా, తల్లి మిరపకోతలకును పత్తితీతలకును కూలికి పోయి అతనిని చదివించినది. అతడు ఉపాధ్యాయుడై, సెలవులలో ఒక నాటిక వ్రాసి చిన్న పుస్తకముగ అచ్చు వేయించెను. కథ పెద్దది కాదు. ఒక వితంతువు అరయెకరము కౌలునకు తీసికొని మిరప వేయును. వాన దెబ్బకు పోగా పది టిక్కీల కాయ మిగులును. యార్డులో కమీషను వ్యాపారి మచ్చు తీసి చూచి, తాలు ఎక్కువగా నున్నదని ధర తగ్గించును. తేమ యని చెప్పి తూకములో కొంత కోయును. లోగడ ఇచ్చిన అప్పునకు వడ్డీ పట్టుకొనును. చివరకు ఆమె చేతికి బండి కిరాయి మిగులును. ఆమె కాటా యెదుట నిలిచి లెక్క అడుగును. అంతటితో తెర పడును.

విమర్శకుడు కళాశాలలో ముప్పది యేండ్లు తెలుగు బోధించి విశ్రాంతి తీసికొన్న పెద్దమనిషి. గుంటూరినుండి వెలువడు ఒక పత్రికలో పుస్తక సమీక్షలు వ్రాయుచుండెను. ఈ నాటికమీద ఆయన వ్రాసినది పావుపుట కూడ లేదు. కథ సహజముగ నున్నదని మెచ్చి, అటుపిమ్మట నిట్లు వ్రాసెను: "పాత్రలన్నియు గ్రామ్యమునే పలుకుచున్నవి. ఇందువలన నాటకమునకు గలిగిన ప్రయోజన మేమో తెలియకున్నది."

ఒక ఆదివారమునాడు విమర్శకుడు మా యింటికి వచ్చెను. కొంతసేపటికి నా శిష్యుడును వచ్చెను. వారిద్దరిని ఒకే పూటకు నేనే పిలిచితినని కొందరందురు. అది నిజమే.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఆనాడు వారు మాటలాడినది మనమందరము ఇండ్లలో వాడుకొను భాషయే. నాకు చేతనైన రీతిని నేను దానిని గ్రాంథికముగ దిద్ది వ్రాయుచున్నాను. ఈ కథ ముగియులోగా మీరు దీనికి నవ్వినను నవ్వవచ్చును.

నా శిష్యుడు జేబులోనుండి పత్రిక ముక్క తీసి బల్లమీద పెట్టెను. మడతలలో అది చినుగుటకు సిద్ధముగ నుండెను. ఎన్నిమారులు తీసి చదివెనో!

"అయ్యా! నా నాటికలోని మాటలు గ్రామ్యమని వ్రాసితిరి. అవి మా అమ్మ మాటలు. ఆ మాటలతోనే ఆమె నన్ను పెంచినది, ఆ మాటలతోనే మేస్త్రీతో కూలి బేరమాడినది. అవి తప్పుమాటలైనచో ఆమెయు తప్పేనా?" అని అడిగెను.

విమర్శకుడు కండ్లజోడు తీసి ఉత్తరీయపు చెరగుతో తుడుచుకొనెను. "నాయనా! గ్రామ్యమనుట తిట్టు కాదు. వ్యాకరణములో అది యొక సంజ్ఞ. చిన్నయసూరి 1858 లో బాలవ్యాకరణము ప్రకటించెను గదా! అట్టి లక్షణమున కొదుగని మాటకు పండితులు వాడుకొను పేరది. ఊరివారిని చిన్నబుచ్చుటకు నేను దానిని వాడలేదు."

"మీకు సంజ్ఞ కావచ్చును. మా యూరిలో అది తిట్టుగనే వినబడినది. 'మన మాట మొరటుదని పేపరులో వేసిరట గదా!' అని నన్ను టీకొట్టువద్ద నిలిపి యడిగిరి. మా అమ్మయు వినినది. ఆమె యేమియు ననలేదు. అది నాకు మరింత కష్టముగ నున్నది."

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. "ఆ మాట అంతదూరము పోవునని నేను తలపలేదు," అని కొంతసేపటికి అనెను. పిదప పత్రిక ముక్కను దగ్గరకు జరుపుకొని, "కాని నీవు గ్రామ్యమన్న మాటను చూచి, దానికి ముందున్న మాటను విడిచితివి. చదువుము. 'పాత్రలన్నియు' అని వ్రాసితిని. నా ఆక్షేపణ అక్కడ నున్నది. కోతకూలి ఆ మాట పలికిన బాగుగనే యున్నది. గుంటూరిలో ఇరువది యేండ్లు కొట్టు నడపిన వ్యాపారియు అదే మాట పలుకుచున్నాడు. బ్యాంకు గుమాస్తాయు అదే. ఊరి పంతులును అదే. పేర్లు తీసివేసి చదివితిని; ఎవరి మాట ఏదో నాకు తెలియలేదు," అనెను.

"మా వైపు అందరు అట్లే మాటలాడుదురండీ."

"నిజముగనా? ఆ వ్యాపారి నీ తల్లితో మాటలాడునప్పుడును, సరకు కొన వచ్చిన ఎగుమతిదారుతో మాటలాడునప్పుడును ఒక్క తీరుననే పలుకునా?"

నా శిష్యుడు బదులు చెప్పక కిటికీవైపు చూచెను.

ఈ తగవు క్రొత్తది కాదు. ఇంచుమించు నూట ముప్పది యేండ్ల క్రిందట ఇదే తగవు ఒక గొప్ప నాటకకర్తకు విమర్శకులతో కలిగినది. ఆయన వేదము వేంకటరాయశాస్త్రిగారు. 1853 లో పుట్టి 1929 లో పరమపదించిరి. మదరాసు క్రిస్టియను కళాశాలలో సంస్కృత పండితులు. శ్రీహర్షుని నాగానందమును, కాళిదాసుని శాకుంతలమును తెనిగించిన చేయి వారిది. అటువంటివారు 1897 లో ప్రతాపరుద్రీయమను నాటకమును వెలువరించిరి. ఓరుగల్లు ప్రభువైన ప్రతాపరుద్రుని ఢిల్లీ సుల్తాను చెరపట్టించుటయు, మంత్రి యుగంధరుడు పిచ్చివానివలె నటించి ప్రభువును విడిపించుటయు అందలి కథ. మంత్రి గ్రాంథికము పలుకును. చాకలి పేరిగాడు చాకలివాడ మాట పలుకును. సుల్తాను పక్షమువారి మాట మరియొక తీరు. ఎవరి నోట ఏ మాట పుట్టునో ఆ మాటయే వారిచేత పలికించుటకు పాత్రోచితభాష యని పేరు.

పండితులలో పెక్కుమంది దీనిని సహింపలేదు. గ్రాంథికమును కాపాడవలసిన పండితుడే గ్రంథములోనికి గ్రామ్యమును తెచ్చుట యేమని ఆక్షేపించిరి. శాస్త్రిగారు అలిగి కూర్చుండలేదు. గ్రామ్యభాషాప్రయోగ నిబంధనమని యొక గ్రంథమే వ్రాసి బదులు చెప్పిరి. ఆ వాదమునకు బలము సంస్కృత నాటకములే. అందు రాజు సంస్కృతము పలుకును. స్త్రీలును, పరిజనులును ప్రాకృతములు పలుకుదురు. శాకుంతలము ఆరవ యంకములో ఉంగరము దొరికిన జాలరిని భటులు పట్టి తెత్తురు గదా! ఆ జాలరి పలుకునది మాగధి. మృచ్ఛకటికములోని శకారుని మాట వాని కొక్కనికే చెల్లినట్టి వింత మాట. భరతముని నాట్యశాస్త్రమందు ఎవరి కే భాష తగునో విధించియే యున్నాడు. సంస్కృతమున దోషము కానిది తెలుగున దోష మెట్లగునని శాస్త్రిగారి ప్రశ్న. అంతటితో ఊరకుండక, 1899 లో నెల్లూరిలో ఆంధ్రభాషాభిమాని సమాజమును నెలకొల్పి నాటకములను ఆడించిరి. పుస్తకములో చదివి ముఖము చిట్లించుకొనిన మాట రంగము మీద ఎట్లు వినబడునో జనమే తేల్చుకొందురు గదా!

ఈ సంగతులన్నియు విమర్శకుడే చెప్పెను. ఆయన చెప్పునప్పుడు స్వరములో తరగతిగది వినబడుచుండెను. నా శిష్యుడు శ్రద్ధగనే వినెను. అంతయు విని, నేను ఎదురుచూడని ప్రశ్న యొకటి వేసెను.

"అయ్యా! జాలరి రంగము మీదికి వచ్చినప్పుడు చూచువారు నవ్వుదురు. పేరిగాడు వచ్చినను నవ్వుదురు. నా నాటికలో కోతకూలి మాటలాడునప్పుడు నవ్వకూడదు. ఆమెకు జరిగినది అన్యాయము. మా మాటను నవ్వించుటకు మాత్రమే రంగము మీదికి రానిచ్చినచో అది మర్యాద యగునా?"

ముప్పది యేండ్లు నేను పిల్లలకు ప్రశ్నలు వేసినవాడను. ఇంత సూటియైన ప్రశ్న నేను వేసిన జ్ఞాపకము లేదు.

విమర్శకుడు కుర్చీలో ముందునకు వంగెను. "మంచి మాట యడిగితివి. కాని శకుంతలను మరచితివి. ఆమె పలుకునది సంస్కృతము కాదు, ప్రాకృతమే. నాలుగవ యంకములో ఆశ్రమమును విడిచి పోవునప్పుడు చెలికత్తెలను కౌగిలించుకొని ఏడ్చినది ప్రాకృతముననే. ఆ ఏడ్పునకు నేటివరకు నవ్వినవాడు లేడు," అనెను. కొంచెమాగి, "అయినను నీ మాటలో నిజము కలదు. మన తెలుగు నాటకములలో ఆ మాట చాలకాలము నవ్వులపాలే యైనది. నేనును గ్రామ్యమనగానే హాస్యమును వెదకితిని. నీ నాటికలో అది దొరకలేదు. 'ప్రయోజనమేమో తెలియకున్నది' అని వ్రాయుటకు అదియు నొక కారణమేమో," అనెను.

అంతట నేను లోపలికి పోయి కన్యాశుల్కము తెచ్చి బల్లమీద పెట్టితిని. చిత్రమేమనగా, గురజాడ అప్పారావుగారి యీ నాటకము విజయనగరమున 1892 లో ప్రదర్శింపబడి, 1897 లో, ప్రతాపరుద్రీయము వెలువడిన సంవత్సరముననే, అచ్చైనది. ఒకే ఏట రెండు నాటకములు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పినవి. శాస్త్రిగారి నాటకములో వాడుకమాట కొందరి పాలు. అప్పారావుగారి నాటకములో అందరి పాలు: అవధానులదియు అదే, వేశ్యయైన మధురవాణిదియు అదే. అందుచేత ఆ మాట పలికినంతమాత్రమున ఎవరును తక్కువవారు కారు. అట్లని అందరును ఒక్కతీరున పలుకరు. గిరీశము మాటల నడుమ ఇంగ్లీషు దొరలును. రామప్పపంతులు మాటలలో కోర్టు వాసన. అగ్నిహోత్రావధానుల నోట మాటకంటె ముందు కోపము వచ్చును. పేర్లు తీసివేసి చదివినను ఎవరి మాట ఏదో గుర్తుపట్టవచ్చును. 1909 లో అప్పారావుగారు ఆ నాటకమును చాలవరకు తిరుగ వ్రాసి మరల ప్రకటించిరి. ఒకసారి మెప్పు పొందిన నాటకమును మరల చేతిలోనికి తీసికొనుటకు ఎంత ఓపిక కావలెనో వ్రాయువారికే తెలియును.

నా శిష్యుడు పుస్తకమును తిరుగవేయుచు, "అయితే మాస్టారూ! నా వ్యాపారిని నేను గుర్తుపట్టునట్లు వ్రాయలేదన్నమాట," అనెను. అది ప్రశ్నయో ఒప్పుకోలో నాకు తెలియలేదు. నేను బదులు చెప్పలేదు.

అప్పుడు విమర్శకుడు నవ్వుచు మరియొక సంగతి చెప్పెను. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై ఉద్యమించినప్పుడు, 1911 లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షమున నిలిచినది. వేంకటరాయశాస్త్రిగారును గ్రాంథిక పక్షమువారే! పేరిగానిచేత వాడుకమాట పలికించినవారు, పండితులు వ్యాసములను వాడుకమాటలో వ్రాయుటకు ఒప్పుకొనలేదు. నా శిష్యుడు పెద్దగా నవ్వెను. ఆ పూట అతడు నవ్వుట అదే మొదటిసారి. "అది ద్వంద్వము కాదు నాయనా! నాటకములోని మాట పాత్రది, వ్యాసములోని మాట రచయితది అని వారి తలంపు," అని విమర్శకుడు సమర్థించెను. ఈ సమర్థనము నాకు సగమే నచ్చును. కాని ఈ పాఠమును గ్రాంథికమున వ్రాయుచున్న నేను ఆ మాట గట్టిగా అనజాలను.

మా యింటిలో మజ్జిగ తెచ్చి యిచ్చిరి. అది త్రాగి లేవబోవుచు విమర్శకుడు, "నా తప్పొకటి కలదు. నీ నాటికను నేను చదివితిని గాని చూడలేదు. చూడలేదని సమీక్షలో వ్రాయనును లేదు. చదువుటకు వ్రాసినదియు ఆడుటకు వ్రాసినదియు ఒకటి కావు. ఈసారి ఎక్కడ ఆడెదవో చెప్పుము, వచ్చెదను," అనెను.

"మీరు వ్రాసినది వెనుకకు తీసికొందురా?" అని నా శిష్యుడు అడిగెను.

"చూడకముందే ఎట్లు చెప్పుదును? చూచిన పిదపయు ఆ మాట నిజమనిపించిన అట్లే యుంచెదను."

దీనికి నా శిష్యుడు చిన్నబుచ్చుకొనెను. వీధి మలుపువరకు ఆయనను సాగనంపుటకు నేనే పోయితిని, అతడు రాలేదు.

మరుసటి యేడు కోతలైన పిమ్మట మా పొరుగూరిలో ఆ నాటికను మరల ఆడిరి. విమర్శకుడు బస్సు దిగి రెండు మైళ్లు నడచి వచ్చెను. ముందు వరుసలో కుర్చీ వేసిరి గాని ఆయన కూర్చుండలేదు. వెనుక చాపలమీద, కోతకు పోయి వచ్చిన ఆడవారి నడుమ చోటు చూచుకొనెను. ఒక ముసలమ్మ, "కాస్త తల పక్కకి పెట్టు నాయనా, కనపడట్లా," అని ఆయనను కసరుట నేను వింటిని.

నాటిక కొంత మారియుండెను. వితంతువు మాటలలో ఒక్కటియు మారలేదు. వ్యాపారి మాత్రము పూర్తిగా మారిపోయెను. ఇదివరకు అరచి గద్దించుచుండిన వాడు ఇప్పుడు చేతులు నలుపుకొనుచు, కుర్చీ చూపుచు, "తమరు దయచేసి కూర్చోండి. లెక్కంతా పద్ధతి ప్రకారమే జరిగిందండీ," అని తీయగా పలుకుచుండెను. ఆ తీపి మాట చెవిని బడగానే చాపలమీది ఆడవారు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. వారికి ఆ మనిషి తెలియును. అప్పుడు వితంతువు కాటామీద చేయి వేసి, "పద్ధతంటే ఏందయ్యా? కల్లంలో తూచిన కాయ నీ కాటా ఎక్కేలోపల యాడికి బోయింది?" అని యడిగెను. నిరుడు ఈ మాటకు ఎవరో ఈల వేసిరి. ఈసారి పందిరిలో పసిపిల్లల సడి తప్ప మరేమియు వినబడలేదు.

నాటకకర్త తల్లి పందిరి గుంజ నానుకొని నిలబడి చూచినది. విమర్శకుడు పోవునప్పుడు ఆమెకు నమస్కరించి ఏమో చెప్పెను. ఏమి చెప్పెనో నేను అడుగలేదు.

నెల తిరుగులోగా ఆ పత్రికలో రెండవ సమీక్ష వెలువడినది. మొదటి దానికంటె పెద్దది. నాటికను ప్రదర్శనముగ చూచితినని ఆయన స్పష్టముగ వ్రాసెను. వితంతువు మాటలు మార్పరానివని వ్రాసెను. వ్యాపారి మర్యాదమాటలను మెచ్చెను. గ్రామ్యమన్న సంజ్ఞ ఎచ్చటను లేదు. "పల్నాటి మాట" అని వాడెను. చివర మరి రెండు తప్పులు పట్టెను: బ్యాంకు గుమాస్తా పాత్ర కథకు అక్కరలేదనియు, రెండవ రంగములో ఊరి పంతులు చెప్పు నీతులు సగమునకు తగ్గింపవలెననియు.

నా శిష్యుడు ఆ పత్రికను పట్టుకొని మా యింటికి వచ్చెను. ఈసారి ముక్క చింపలేదు, పత్రిక మొత్తమును తెచ్చెను. వరండాలో కూర్చుండి ఆ రెండు వాక్యములమీద వ్రేలు పెట్టి, "పంతులు సంగతి నేనొప్పుకొనను మాస్టారూ. గుమాస్తా సంగతి మాత్రము ఆలోచింపవలసినదే," అనెను.